నలభై ఒకటో నంబరు

ఇంకా గులాబీ రంగులోనే ఉందేంటండీ? మూడు రోజులైంది పోసి. ఒక్క గుక్కైనా తాగలేదా? మీరు తింటే ఈ నీళ్ళు పసుప్పచ్చగా తిరగాలి. తిరగలేదు. అంటే అలిగారన్నమాట. బతికున్నప్పుడు కంచం తోసేసి లేచిపోయేవారు, ఆ బుద్ధి ఇంకా పోలేదు.

నాకు తెలీక అడుగుతాను, ఇరవై రెండేళ్ళ కాపరంలో నాక్కావలసిన పని నాక్కావలసినప్పుడు ఒక్కటంటే ఒక్కటి చేశారా మీరు? వద్దన్నప్పుడు ఇల్లంతా మీరే. రమ్మంటే మాత్రం చెప్పుల్లో కాళ్ళు.

ఇవాళ గురువారం. సోమవారం పొద్దుటికల్లా మీరు ఈ ఫ్లాస్క్ అడుగంతా పరుచుకోవాలి. ఇప్పుడే మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను, పావు వంతు కూడా లేరు. అక్కడొకరు, ఇక్కడొకరు, పెళ్ళిభోజనం అయిపోయాక మిగిలిన చుట్టాల్లాగా. ఇలాగైతే సోమవారం పరీక్ష జరగదు. పరీక్ష జరక్కపోతే నా పాలమొక్క పోతుంది, దాని మీద వేస్తామన్న నా పేరూ పోతుంది.

వినండి కాస్త. ఎలాగూ లేచి వెళ్ళిపోలేరు. అందరూ భోజనాలకెళ్ళారు, గంట దాకా ఈ గదిలోకి ఎవరూ రారు.

మీరెక్కడున్నారో మీకు తెలుసో లేదో. అరచెయ్యంత ప్లాస్టిక్ సీసాలో ఉన్నారు. ఒంటి వేడికి సరిపెట్టిన ఇంక్యుబేటర్లో, రెండో అరలో. మూత మీద నా చేతిరాతతో నలభై ఒకటి అని ఉంటుంది. ఇక్కడ పేర్లుండవు, నంబర్లే. ఆఫీసులో ఎవరైనా పేరు పక్కన గారు చేర్చకపోతే మూడ్రోజులు మాట్లాడేవారు కాదే, ఇప్పుడు లాబ్‌లో పిల్లలంతా మిమ్మల్ని ఏమంటారో తెలుసా? "నలభై ఒకటికి తిండి పెట్టారా, నలభై ఒకటి చచ్చిందా." నలభై ఒకటి మా ఆయనే అని ఇక్కడ ఎవరికీ తెలీదు. మా మేడంకి కూడా.

మీ కడుపులోంచి తీసిన గడ్డలో గోరంత ముక్క. నేనే డబ్బాలో పెట్టుకుని ఆస్పత్రి మెట్లు దిగి, ఈ లాబ్ మెట్లెక్కి తెచ్చాను. పరిశోధనకిస్తారా అని నర్సు అడిగితే ఎంత దర్జాగా సంతకం పెట్టారు! మీది పెద్ద మనసు సార్ అంది ఆ పిల్ల. నేను పక్కనే నిలబడి, నిజమే కాబోలు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని.

మీరు పోయారు. ముక్క పోలేదు.

అసలు ఇలాంటి ముక్కలు నూటికి ఒకటి రెండు బతుకుతాయండీ సీసాలో. మీరు బతికారు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా? డాక్టర్లు మీకెక్కించిన మందే తెచ్చి మీ మీద పోశాం. మిగతా ఫ్లాస్కుల్లో కణాలన్నీ ముడుచుకుని రాలిపోయాయి. మీరు మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మేడం తెగ సంబరపడిపోయింది. "ఏ మందుకీ లొంగని సెల్స్, బంగారం" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ బంగారంతో కాపరం చేసినదాన్ని నేను.

అప్పటికి మీ మీద నాకు కోపం లేదు. నిజం చెప్తున్నాను. రెండ్రోజులకోసారి పాత నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోస్తూ, ఎలా ఉన్నారండీ అని పలకరించేదాన్ని కూడా. కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

మీరు పోయిన మూడు నెలలకి మీ బీరువా సర్దాను. రేడియో గ్యారంటీ కాగితాలు, మీ ప్రమోషన్ ఆర్డరు, వాటి మధ్య ఒక కవరు. నా పేరు మీద వచ్చింది. చింపి ఉంది. పందొమ్మిదేళ్ళ కిందటిది.

మా ప్రొఫెసర్ గారు రాసింది. "అమ్మా, చదువు మానేస్తున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. చాలా బాధపడ్డాను. పాలమొక్క మీద నువ్వు చేసిన పని సగంలో ఆపదగ్గది కాదు. నెల రోజులు నీ చోటు ఖాళీగా ఉంచుతాను. మనసు మార్చుకుంటే వచ్చెయ్."

నేను రాసిన ఉత్తరమట.

కవర్లోనే ఇంకో కాగితం. దాని మీద నా సంతకాలు. మొదటిది నాది కాదని చూడగానే తెలుస్తుంది. రెండోది కొంచెం మెరుగు. మూడు, నాలుగు. ఐదోది నేనే పెట్టానేమో అన్నట్టుంది. మీరు ఏ పనైనా అంత శ్రద్ధగా చేయడం నేనెప్పుడూ చూడలేదండీ.

అప్పుడు పాపకి నెలన్నర. నేను లేవలేక మంచంలో ఉన్నాను. నీ సెలవు సంగతి నేను వెళ్ళి మాట్లాడొస్తానులే అన్నారు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పుతూ చెప్పారు, "నిన్ను తీసేశారు. నీ పని ఏమంత బాలేదట. ఇప్పుడెళ్ళి అడిగితే పరువు తక్కువ, వదిలెయ్." నేను వదిలేశాను. ఆ రాత్రి ఏడుస్తుంటే తల మీద చెయ్యేసి నిమిరారు కూడా. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఒకసారి బస్సు స్టాపులో మా ప్రొఫెసర్ గారు ఎదురయ్యారు. ఆయన ఏదో అనబోయారు. నేను సిగ్గుతో తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోయాను. చేతకానిదాన్నని అనుకుంటున్నారు కదా అని. ఆయన ఏమనుకున్నారో పాపం. అడుగుదామంటే ఇప్పుడు ఆయనా లేరు.

రెండేళ్ళు పోయాక ఈ లాబ్‌లో గాజు సామాను కడిగే పని ఉందంటే మిమ్మల్ని అడిగాను. ఏమన్నారో గుర్తుందా? "గిన్నెలు కడగడం నీకు ఇంట్లో అలవాటేగా, వెళ్ళు." మీ చెల్లెలు పక్కనుంది, నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే హాస్యం తెలీదంటారని.

కడుగుతూ కడుగుతూ చూసి నేర్చుకున్నాను. ఈ గదిలోకి రానిచ్చారు. కణాలు పెంచడం, విడగొట్టడం, గడ్డకట్టించి దాచడం, ఆకులు ఎండబెట్టి సారం తీయడం, అది ఎంత పోస్తే ఎన్ని చస్తాయో లెక్కపెట్టడం. ఇప్పుడు డిగ్రీలున్న పిల్లలే నా పక్కన నిలబడి నేర్చుకుంటారు. మీకెప్పుడూ చెప్పలేదు. మీరెప్పుడు అడిగారు గనక?

ఆ ఉత్తరం చదివిన మర్నాడు లాబ్‌కొచ్చి మీ ఫ్లాస్క్ చేతిలోకి తీసుకున్నాను. సింకులో పారబోద్దామనే. మూత కూడా తిప్పాను. మళ్ళీ బిగించేశాను. ఒక్కసారి పారబోస్తే ఏమొస్తుంది నాకు?

మా మేడం పనే అది కదా, మొక్కల్లో ఏది క్యాన్సర్ కణాల్ని చంపుతుందో చూడటం. ఏ మొక్క వచ్చినా మొదట నలభై ఒకటి మీదే పోద్దాం మేడం, లొంగనివాడు లొంగితే అందరూ లొంగినట్టే కదా అన్నాను. మంచి ఆలోచన అంది. అప్పట్నుంచి నూట పన్నెండు మొక్కలు పోశాను మీ మీద. వేళ్ళు, బెరళ్ళు, గింజలు, పూలు. పిపెట్ పట్టుకున్న ప్రతిసారీ లోపల ఒక మాట అనుకునేదాన్ని. ఇది గిన్నెలు కడగమన్నందుకు. ఇది మా నాన్న పోయాడని ఫోనొస్తే, ఆదివారం వెళ్దాంలే అన్నందుకు. ఇది పాప ముందు, మీ అమ్మకి ఏం తెలుసు అన్నందుకు. నూట పన్నెండుకీ కారణాలు వెతుక్కోవలసిన అవసరం రాలేదు నాకు. ఇంకా మిగిలాయి.

మీ చెల్లెలు అందరితో చెప్తోందట, "అన్నయ్య పోయాక మా వదిన ఆ దిగులుతో పనిలో పడిపోయింది, మనిషి ఇంటి పట్టునే ఉండదు" అని. పోనీలెండి, అననివ్వండి.

మీరు చావలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పక్క ఫ్లాస్కులో రొమ్ము క్యాన్సర్ కణాలు చస్తాయి, ఊపిరితిత్తులవి చస్తాయి, మీరు మాత్రం మూడోరోజుకి మళ్ళీ అడుగంతా నిండిపోతారు.

అప్పుడు నా పాలమొక్క తెచ్చాను.

మీకు గుర్తుండే ఉంటుంది. గోడ పగుళ్ళలో మొలుస్తుంది, తుంచితే పాలు కారతాయి. చదువుకునే రోజుల్లో నాలుగు కుండీల్లో పెంచుకున్నాను. ఇంటికి పిచ్చిమొక్కలు దరిద్రమని మీరే పీకి వీధిలో పారేశారు. ఇప్పుడు మన లాబ్ వెనక సైకిల్ స్టాండు గోడకి బోలెడు మొలిచాయి. ఎవరికీ అక్కర్లేని మొక్క. సంచి నిండా కోసుకొచ్చి, నీడలో ఎండబెట్టి, సారం తీసి పోశాను. నూట పదమూడోది.

రెండ్రోజులాగి రంగు వేశాం. అదెలాగంటే, పసుపు రంగు వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి తిప్పేస్తాయి. ఎంత ఊదాగా ఉంటే అంత బతికున్నట్టు. మిషన్ చదివి నంబరిస్తుంది. మిషన్ ఏమంది? మీరు నిక్షేపంలా ఉన్నారంది. మిమ్మల్ని పోసిన గుంటల ప్లేటంతా ముదురు ఊదా. మేడం చూసి, ఇదీ దండగే, పారెయ్యండి అంది.

నేను పారెయ్యలేదు. ఎందుకంటే రంగు వేసే ముందు మైక్రోస్కోప్ కింద చూశాను. మీరు మీలాగా లేరు. ఎప్పుడూ కాళ్ళు చాపుకుని పరుచుకునేవారు, ముడుచుకుపోయి, గుండ్రంగా అయిపోయి, నీళ్ళలో తేలుతున్నారు. ఇన్నేళ్ళు చూసిన కళ్ళు నావి. మిషన్ కొన్నది నిరుడు.

మర్నాడు కణాలేమీ లేని ఖాళీ గుంటల్లో ఉత్త పాలమొక్క సారం పోసి, దాని మీద ఆ పసుపు రంగు వేశాను. అదీ ఊదాగా తిరిగింది. చూశారా? మీరు బతికుండి కాదు. ఆ ఆకే రంగు తిప్పేస్తోంది. కొన్ని ఆకులకి ఆ గుణం ఉంటుంది. ఖాళీ గుంట పెట్టి చూసుకోకపోతే చచ్చినవాణ్ణి బతికున్నాడంటాం.

అప్పుడిక మిషన్‌ని నమ్మలేదు. ఇంకో రంగుంది, నీలం. చచ్చిన కణం దాన్ని పీల్చుకుంటుంది, బతికున్నది దగ్గరికి రానివ్వదు. మిమ్మల్ని ఆ రంగులో పెట్టి ఒక్కొక్కర్నీ నా చేత్తో లెక్కపెట్టాను. నూటికి తొంభై నాలుగు నీలం.

అదే సారం మామూలు మంచి కణాల మీద కూడా పోశానండీ. నూటికి ఎనభైకి పైగా బతికాయి. అందుకే మేడం కుర్చీలోంచి లేచింది. నా లెక్క తను మళ్ళీ లెక్కపెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇది మీరు పట్టుకున్నది. పేపర్ మీద మొదటి పేరు మీదే. ఇంకో రెండుసార్లు ఇదే కణాల మీద ఇదే ఫలితం చూపిద్దాం, పంపేద్దాం" అంది. ఇన్నేళ్ళలో ఈ గదిలో నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఆవిడ తన కుర్చీ ఇటు జరిపి కూర్చోమంది.

ఇంకో రెండుసార్లు. అది నాకు తెలీదా? మూడుసార్లు చెయ్యందే ఏదీ నిజం కాదని కొత్తగా వచ్చే పిల్లలకి చెప్పేదే నేను.

కానీ మేడంకి చూపించింది మధ్యాహ్నం. నేను లెక్కపెట్టింది పొద్దున. ఆ మధ్యలో ఒక పని చేశాను. అది మీకు ఇంతవరకూ చెప్పలేదు.

తొంభై నాలుగు అని పుస్తకంలో రాశాను. రాశాక నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. చచ్చాడు, చచ్చాడు అనుకుంటూ ఇంక్యుబేటర్ తెరిచి మీ ఫ్లాస్కులన్నీ తీసి బ్లీచ్ పోసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. నైట్రోజన్ ట్యాంకు దగ్గరికెళ్ళాను. గడ్డకట్టించి దాచిన మీ ట్యూబులు అందులో ఆరు, అన్నిటికన్నా పై పెట్టెలో మీరొక్కరే. ఆరూ తీసి వేడినీళ్ళలో పెట్టి, చల్లారేదాకా పక్కన నిలబడ్డాను. చచ్చిపోయాక తుడిచి మళ్ళీ పెట్టెలో సర్దేశాను, పుస్తకంలో లెక్క తప్పకూడదని. చూడండి, ఆ పిచ్చిలో కూడా పుస్తకం గుర్తుంది, పరీక్ష మళ్ళీ చెయ్యాలన్నది గుర్తు లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండోసారి పరీక్షకని మేడం ఒక ట్యూబు కరిగించింది. లేవలేదు. ఇంకోటి. అదీ లేవలేదు. ఆరూ పోయాయి. ఈ ఒక్క ఫ్లాస్కు, పక్క గది పిల్ల వేరే పని కోసం అడిగి పట్టుకెళ్ళింది గనక మిగిలింది. ముసలి ఫ్లాస్కు, పాతిక సార్లు విడగొట్టింది, ఓపిక లేనిది. అందుకే కదా ఇలా బతిమాలుతున్నాను. చంపడానికి మీరే కావాలి నాకు. ఇంకెవర్ని చంపినా లెక్కలోకి రాదట.

ఇదంతా మీ గొడవా నా గొడవా అయితే ఇంత చెప్పను.

ట్యాంకులో నైట్రోజన్ నింపే అతనున్నాడు, పొగ బాబాయి అంటాం. మూత తీస్తే తెల్లపొగ వస్తుంది కదా, అందుకని ఆ పేరు. అరవైకి దగ్గరపడ్డాడు, ఎడమ మోకాలు వంగదు. నైట్రోజన్ తగ్గితే ముందు చచ్చేది పై పెట్టెలోవే. మేడం ట్యాంకు నింపే పుస్తకం తెరిచింది. ఆ నెల ఒక మంగళవారం బాబాయి సంతకం లేదు. మోకాలికి సూది వేయించుకుని బుధవారం వచ్చి నింపాడు. ఒక్క రోజు ఆలస్యానికి ట్యాంకుకేమీ కాదు. నాకు తెలుసు, మేడం కోపం తగ్గాక ఆలోచిస్తే ఆవిడకీ తెలుస్తుంది. అప్పుడు కోపం తగ్గలేదు. "నింపవలసింది ఎవరు?" అని నన్నడిగింది.

పొగ బాబాయి అన్నాను.

అబద్ధం చెప్పలేదండీ. అడిగినదానికి జవాబు చెప్పాను. అంతే. మర్నాటి నుంచి అతన్ని రావొద్దన్నారు.

పొద్దున గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కుంటుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఇన్నేళ్ళుగా చూస్తున్నావు, నేను ట్యాంకు ఎండబెట్టే మనిషినా? నీ మాటంటే మేడంకి గురి. ఒక్క ముక్క రాసివ్వు తల్లీ" అన్నాడు. అతనూ అదే అనుకుంటున్నాడు, తన పొరపాటే ఏమో అని. బుధవారం నేను నింపింది సరిగ్గా నింపానా లేదా, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదమ్మా అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడెళ్ళి అడిగితే నీకే పరువు తక్కువ బాబాయ్. కొన్నాళ్ళాగు" అన్నాను. అని, భుజం మీద చెయ్యి కూడా వేశాను.

మెట్లెక్కుతుంటే నా గొంతు నాకే వినిపించింది. అది నా మాట కాదు. ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ కాపరం, ఎంతో కొంత అంటుకోకుండా ఉంటుందా?

ఇప్పుడే మేడంకి చెప్పొచ్చు. బాబాయిని రేపు పిలిపిస్తారు. నన్ను పంపించేస్తారు. పాలమొక్క ఇంకెవరికో ఇస్తారు, లేదా పారేస్తారు. రెండోసారి. మొదటిసారి మీరు పీకారు, ఈసారి నా చేత్తో నేనే పీక్కోవాలి. అంత పుణ్యాత్మురాల్ని కాదు నేను.

సోమవారం కానివ్వండి. పరీక్షలు రెండూ అయ్యాక, పేపర్ పంపాక, ఆ సాయంత్రమే వెళ్ళి అంతా చెప్పేస్తాను. తప్పకుండా చెప్తాను.

మీరూ అలాగే అనుకున్నారా అప్పట్లో? పాప కాస్త నడక నేర్చాక చెబుదాంలే, బళ్ళో వేశాక చెబుదాంలే అని? ఏమో, అనుకునే ఉంటారు. నాకు తెలియడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. బాబాయికి అంత ఆయుష్షు లేదండీ.